పాప హాలండుకు పోయింది, వచ్చి నన్ను లెక్క అడిగింది

జూపాడు బంగ్లా నుంచి మీ వాడినే. ఈసారి పోస్టు కొంచెం పొడుగ్గా ఉంటాది. మోటరు కాడ కూర్చున్నప్పుడో, అన్నం తిన్నాక మంచం మీద ఒరిగినప్పుడో ఓపిగ్గా చదవండి.

మా పాప విదేశం పోయొచ్చిన సంగతి మన మండలంలో చాలామందికి తెలుసు. "ఏమప్పా, బిడ్డను విమానం ఎక్కించినావంట, ఇంక నీకేం తక్కువ" అని టీ అంగడి కాడ నా ముందర అన్నోళ్ళు ఉన్నారు. "మిరపలో మునిగినోడికి హాలండు యాడ నుంచి వచ్చెనప్పా" అని నా వెనక అన్నోళ్ళూ ఉన్నారు. రెండు మాటలూ నా చెవిన పడినాయి. అందరికీ ఒకేసారి జవాబు చెప్దామని ఇది రాస్తున్నా.

పాప హైదరాబాదులో ఒక ప్రైవేటు కాలేజీలో ఎంబీఏ చదువుతాది. అగ్రి బిజినెస్ అంటారు. సేద్యం కాదు, సేద్యం చుట్టూ జరిగే వ్యాపారం. విత్తనం ఎవరు అమ్ముతారు, పంట ఎవరు కొంటారు, మధ్యలో ఎవరికి ఎంత మిగులుతాది, అదీ చదువు. 2025 ఫిబ్రవరిలో ఫోన్ చేసి, "నాన్నా, మా కాలేజీ నుంచి 16 మందిని నెదర్లాండ్స్‌కు తీసుకపోతారంట. 14 రోజులు. అక్కడ రైతులు ఎట్ల అమ్ముకుంటారు, జనం ఎట్ల బతుకుతారు అని చూపిస్తారంట. ఫీజు రెండు లక్షల నలభై ఐదు వేలు. వద్దంటే వద్దులే" అనింది.

ఆ "వద్దంటే వద్దులే" అన్న మాట బిడ్డలు ఎప్పుడు అంటారో తల్లిదండ్రులకు తెలుసు.

ఆ ఫిబ్రవరి ఎట్లాంటిదో మీకు నేను చెప్పక్కర్లేదు. రెండేండ్ల కింద క్వింటాలు ఇరవై వేలు దాటిన మిరప పది, పదకొండు వేలకు దిగిపోయింది. కేంద్రం వాళ్ళు మార్కెట్ జోక్యం పథకం కింద క్వింటాలుకు 11,781 రూపాయలు అని ప్రకటించిన నెల అదే. నాకు కేసీ కాలువ కింద నాలుగెకరాలు. రెండెకరాలు వరి, రెండెకరాలు మిరప. కళ్ళంలో కాయ ఎర్రగా ఆరుతాంటే దాన్ని చూసి సంతోషపడాల్నో ఏడవాల్నో తెలియని రోజులు. అట్లాంటప్పుడు రెండున్నర లక్షల ఫోను వచ్చింది.

నేను వద్దనే అనుకున్నా. మా ఇంటామె ఒప్పుకోలేదు. "నువ్వు ఇంటర్ చదివి ఆగిపోతివి. మీ నాయన ఎద్దుల జత కొనాలని నిన్ను ఆపినాడని ఇప్పటికీ చెప్పుకుంటాంటావు. రేపు ఈ పిల్ల కూడా అట్ల చెప్పుకోవాల్నా?" అనింది. మెడలో మూడు తులాల చెయిను తీసి బల్ల మీద పెట్టింది. దాని మీద 1,80,000 గోల్డ్ లోను. మిగతా 65,000 మా బావమరిది సర్దినాడు. అట్ల పోయింది పాప.

మన మండలానికి విదేశం అనే మాట కొత్తదేం కాదు. 2017లో మన తంగడంచలోనే, అమెరికాలో ఉండే అయోవా స్టేట్ యూనివర్సిటీ సాయంతో మెగా సీడ్ పార్కు అని శంకుస్థాపన చేసినారు. ఆ యూనివర్సిటీ పేరు మనకు నోరు తిరగడానికే నెల పట్టింది. మన కేసీ కాలువ కూడా 1860లలో లండన్‌లో పుట్టిన కంపెనీ తవ్వించిందే. ఆ కంపెనీ నడపలేకపోతే 1882లో ప్రభుత్వం తీసుకుంది. తర్వాత 1996లో జపాన్ అప్పు తెచ్చి బాగు చేసినారు. అంటే విదేశం మన చేలోకి వస్తానే ఉంది. మన చేలో నుంచి విదేశానికి పోయినోళ్ళు తక్కువ. 2023 సెప్టెంబరులో మన రాష్ట్రం ప్రభుత్వ బడుల్లో చదివే పిల్లలు పది మంది న్యూయార్కులో ఐక్యరాజ్యసమితికి పోయొచ్చినప్పుడు మా పాప ఆ వార్త చూసి, "చూడు నాన్నా, కూలోళ్ళ పిల్లలు పోయినారు" అనింది. అప్పుడే దాని మనసులో పడిందేమో, నాకు తెలీదు.

పోయేది చిన్న పనేం కాదు. ఎవరైనా పిల్లల్ని పంపాలనుకుంటే ఉపయోగపడుతుందని చెప్తున్నా. పాస్‌పోర్టు ఫీజు 1,500. వీసాకు 90 యూరోలు. షెంగెన్ వీసా అంటారు, గరిష్ఠంగా 90 రోజులు ఉండొచ్చు. దానికి 30,000 యూరోల వైద్య బీమా చేయించాల. బ్యాంకులో డబ్బు ఉన్నట్టు ఆర్నెల్ల స్టేట్‌మెంటు అడిగినారు. మన రైతుల ఖాతా ఎట్ల ఉంటాదో తెలుసు గదా, పంట అమ్మిన నాడు నిండుతాది, వారానికి ఖాళీ అయితాది. ఆ కాగితం చూసి పాప నవ్వింది, నేను తల దించుకున్నా.

మే నెల రెండో పక్షంలో పోయింది. కారప్పొడి, ఎండు జొన్నరొట్టెలు, కొబ్బరి పొడి సర్ది ఇచ్చినాము. మనం వాళ్ళకన్నా మూడున్నర గంటలు ముందుంటాము. కాబట్టి నేను రాత్రి పది దాటినాక ఫోను ముందర కూర్చుంటే, అక్కడ దానికి ఇంకా పొద్దు ఉండేది.

మొదటి ఫోనులోనే, "నాన్నా, మేము దిగిన విమానాశ్రయం సముద్రం కన్నా మూడు నాలుగు మీటర్లు కింద ఉందంట" అనింది. నాకు అర్థం కాలేదు. సముద్రం కన్నా కింద ఉంటే మునగదా? అప్పుడు చెప్పింది. అది ఒకప్పుడు పెద్ద చెరువంట. 1852 నాటికి ఆవిరి పంపులు పెట్టి నీళ్ళన్నీ తోడేసి, ఆ అడుగు భూమిని సేద్యానికి తెచ్చినారు. ఇప్పుడు అందులో విమానాలు దిగుతాయి. ఆ దేశంలో నాలుగో వంతు భూమి సముద్రమట్టానికి కిందే ఉంది. దేశమంతా కలిపినా మన ఆంధ్రప్రదేశ్‌లో నాలుగో వంతు ఉంటాది, అంతే. అయినా పంట, పాలు, పూలు బయటి దేశాలకు అమ్మే దాంట్లో విలువ లెక్కన ప్రపంచంలో ముందు వరసలో ఉన్నోళ్ళల్లో వాళ్ళూ ఉన్నారంట.

"మరి ఆ నీళ్ళు ఎవరు చూసుకుంటారు పాపా, ఇరిగేషనోళ్ళా?" అని అడిగినా.

"వాటర్ బోర్డులు ఉన్నాయి నాన్నా. మన నీటి సంఘాల మాదిరి. దేశం మొత్తానికి 21. ఏడు వందల ఏండ్ల పైనుంచి ఉన్నాయి. వాళ్ళ ప్రభుత్వం కన్నా పాతవి. నాలుగేండ్లకు ఒకసారి ఓటింగు. ఇండ్లున్నోళ్ళు, పొలాలున్నోళ్ళు అందరూ బోర్డుకు పన్ను కడతారు. గట్టు తెగితే అందరి ఇండ్లూ మునుగుతాయి గదా, అందుకే" అనింది. 1953లో గట్లు తెగి 1,836 మంది చనిపోయినారని, ఆ తర్వాత ఏండ్ల తరబడి పెద్ద పెద్ద అడ్డుకట్టలు కట్టినారని కూడా చెప్పింది.

అంతటితో ఆగలేదు. "నాన్నా, మన నీటి సంఘం ఎన్నికకు నువ్వు పోయినావా?"

2024 డిసెంబరులో మన రాష్ట్రమంతా సాగునీటి సంఘాల ఎన్నికలు జరిగినాయి. 1997లో చట్టం వచ్చినప్పుడు నేను పడుచోణ్ణి. మొదటి ఎన్నికకు చొక్కా ఇస్త్రీ చేసుకుని పోయినా. మొన్న డిసెంబరులో పోలేదు. మిరపకు మందు కొట్టే పని ఉంది అనుకున్నా. పోతిరెడ్డిపాడు గేట్లు మన మండలంలోనే ఉన్నాయి. శ్రీశైలం మట్టం 854 అడుగులా, 881 అడుగులా అని పొద్దున లేస్తే పేపర్లో చూస్తాం, టీ తాగతా వాదించుకుంటాం. మా చేనికి వచ్చే పిల్లకాలువలో తూటికాడ ఎవరు తీయాల అంటే మాత్రం ఎవడూ ముందుకు రాడు. బిడ్డకు ఫోనులో ఏం చెప్పాల? "పోలేదు పాపా" అన్నా. అది ఏమీ అనలేదు. అనుంటే బాగుండు.

మూడో రోజో నాలుగో రోజో అమ్మకం సంగతి చెప్పింది. ఇది మీరందరూ చదవాల.

బ్రూక్ ఆప్ లాంగెడైక్ అని ఒక ఊరు. అక్కడ చేలన్నీ కాలువల మధ్యలో దీవుల మాదిరి ఉండేవి. రైతులు క్యాబేజీ, క్యాలీఫ్లవరు పడవల్లో వేసుకుని వచ్చేవాళ్ళు. 1887లో అక్కడ సరుకును వేలంలో అమ్మడం మొదలుపెట్టినారు. ఆ పద్ధతే నిలబడింది. ఇప్పుడది మ్యూజియం. పడవ లోపలికే వచ్చి, కొనేవాళ్ళ ముందర నుంచి పోయే మాదిరి కట్టినారు.

వాళ్ళ వేలం మన వేలం మాదిరి కాదు. మన దగ్గర తక్కువ నుంచి మొదలై పైకి పోతాది. వాళ్ళది పై నుంచి కిందికి. గోడ మీద పెద్ద గడియారం మాదిరి ఉంటాది, దాని ముల్లు ఎక్కువ రేటు నుంచి కిందికి దిగతా వస్తాది. ఎవరు ముందు మీట నొక్కితే వాళ్ళకు ఆ రేటుకు సరుకు. ఇంకా తగ్గుతాదిలే అని ఆగినోడికి సరుకు పోతాది. అందరి కళ్ళ ముందర, ఒకటే గడియారం. మరీ కిందికి దిగితే ఆ సరుకు అమ్మకుండా ఆపేసే కనీస రేటు కూడా పెట్టుకున్నారంట. మ్యూజియంలో చూడబోయినోళ్ళు కూడా మీట నొక్కొచ్చు. మా పాప నొక్కింది. ఆత్రపడి ముందే నొక్కేసి, ఒక చిన్న బుట్ట ఆపిల్ పండ్లు ఎక్కువ రేటుకు కొనిందంట. "నేను దలారినైతే దివాలా తీస్తా నాన్నా" అని నవ్వింది.

తర్వాత ఆల్స్‌మీర్ అనే చోట పూల మార్కెట్టు చూపించినారు. ప్రపంచంలో పెద్ద కట్టడాల్లో అదొకటి. పైన నడవా మీద నిలబడి చూస్తే కింద పూల బండ్లు గొలుసుకట్టుగా పోతా ఉంటాయంట. కెన్యా నుంచి, ఇథియోపియా నుంచి కూడా గులాబీలు అక్కడికి వస్తాయి. ఇప్పుడు కొనేవాళ్ళు చాలామంది యాడనో కూర్చుని కంప్యూటర్లోనే నొక్కుతారు. పాపకు నచ్చింది కట్టడం కాదు. "ఈ మార్కెట్టు ఎవరిది?" అని అడిగిందంట. పూలు పండించే రైతుల సహకార సంఘానిది అని చెప్పినారంట.

నేను ఆ మాట విన్నాక ఫోను పెట్టేసి చాలాసేపు నిద్రపోలేదు. ఆ మార్చిలో నేను అమ్మిన మిరప గుర్తొచ్చింది. ఏ ఊరో, ఏ షాపో చెప్పను, చెప్పినా లాభం లేదు. తెల్లవారుజామున బస్తాలు దించినా. పదకొండున్నరకు ఒకాయన వచ్చి ఒక బస్తాలో చెయ్యి పెట్టి గుప్పెడు కాయ తీసి, విరిచి, వాసన చూసి, "తాలు ఎక్కువుంది పెద్దాయనా" అని పోయినాడు. మధ్యాహ్నం దాకా ఇంకెవరూ రాలేదు. సాయంత్రం మళ్ళీ ఆయనే వచ్చి 10,400 అన్నాడు. బాడుగ లారీ ఎదురు చూస్తాంది, కూలోళ్ళకు డబ్బు ఇయ్యాల, నాకు ఆకలి. సరే అన్నా. ఆ రేటు ఎక్కడి నుంచి వచ్చిందో నాకు తెలీదు. అడగలేదు కూడా. ముప్పై ఏండ్లుగా అడగలేదు.

హాలండులో అంతా బంగారమే అనుకోవద్దు. అది కూడా చెప్పాల, లేకపోతే నేను మోసం చేసినట్టు.

ఒక రోజు వాళ్ళను ఒక పాల రైతు ఇంటికి తీసుకపోయినారు. 95 ఆవులు. పాలు మిషనే పిండుతాది. ఆవు తనంతట తానే వచ్చి నిలబడితే రోబో పిండి వదిలేస్తాదంట. మనకు కథ మాదిరి ఉంటాది. కానీ ఆ రైతు వయసు 58, నా కన్నా కొంచెం పెద్ద. మెడ దాకా బ్యాంకు అప్పు. పేడ వల్ల, ఎరువు వల్ల నైట్రోజన్ ఎక్కువై నేల, నీళ్ళు పాడవుతున్నాయని అక్కడ ప్రభుత్వం పశువులను తగ్గించమంటాంది. దాని మీద 2019లో రైతులు ట్రాక్టర్లు వేసుకుని, ప్రభుత్వం కూర్చునే హేగ్ నగరం రోడ్లన్నీ నింపేసినారు. 2023లో అక్కడి రాష్ట్రాల ఎన్నికల్లో రైతుల పేరు మీద పెట్టిన కొత్త పార్టీ ఎక్కువ ఓట్లు తెచ్చుకుంది. అంత కోపం ఉంది. ఆ రైతు కొడుకు కంప్యూటర్ పనికి పోయినాడు, పాల పని నాకొద్దు అన్నాడంట.

ఆయన పిల్లలందరికీ రొట్టె, వెన్న, గ్లాసుడు చల్లని పాలు పెట్టినాడు. వాళ్ళు మధ్యాహ్నం పూట పొయ్యి వెలిగించరంట, ఎండు రొట్టెల్లో వెన్నో జున్నో పెట్టుకుని తింటారు. వేడి భోజనం సాయంత్రం ఆరు గంటలకు ఒకేసారి. మాట కూడా అట్లనే, చుట్టూ తిప్పి చెప్పరు, ముఖం మీదనే అడిగేస్తారు. మా పాపను అడిగినాడంట: "మీ నాన్నకు ఎంత భూమి? ఆయన తర్వాత ఎవరు చేస్తారు?"

"నాకు జవాబు రాలేదు నాన్నా" అని ఫోనులో చెప్పింది. గొంతు మారింది.

ఆ జవాబు దానికి రాకపోవడానికి కారణం నేనే. పుట్టినప్పటి నుంచి దానికి ఒకటే చెప్తా వచ్చినా, నా బతుకు నీకొద్దు, చదువుకో, పట్నం పో. చేనికి వస్తానంటే ఎండలో నల్లగవుతావు అని ఇంట్లో కూర్చోబెట్టినా. మిరప చేను ఎట్ల ఉంటాదో దానికి ఫోటోల్లోనే తెలుసు. అగ్రి బిజినెస్ చదువుతాంది అని చెప్పుకుంటాను గానీ, వాళ్ళ నాయన అగ్రీ తెలీదు, బిజినెసూ తెలీదు దానికి. మీ ఇండ్లల్లో ఎట్లనో నాకు తెలీదు. మా ఇంట్లో ఇది నిజం.

ఇంకో సంగతి. ఆమ్‌స్టర్‌డాంలో రైక్స్ మ్యూజియం అని పెద్దది ఉంది. అందులో పాత అద్దకం గుడ్డ ఒకటి చూసింది. కింద కోరమాండల్ తీరం అని రాసి ఉందంట. కోరమాండల్ అంటే మన సముద్రం అంచే. 1602లో వాళ్ళు ఈస్టిండియా కంపెనీ పెట్టుకున్నారు. 1606 నాటికి మన మచిలీపట్నంలో దిగి గుడ్డ కొనడానికి కొట్టు పెట్టినారు. మన నేతగాళ్ళు, అద్దకం వాళ్ళు చేసిన గుడ్డ కోసం సముద్రాలు దాటి వచ్చినారన్నమాట. "నాన్నా, నేర్చుకోడానికి, కొనుక్కోడానికి ముందు వాళ్ళే మన దగ్గరికి వచ్చినారు. వచ్చినోళ్ళు ప్రతిదీ పుస్తకంలో రాసుకున్నారు" అనింది. ఈ రాసుకోవడం అనే మాట దగ్గరనే నా కష్టాలు మొదలైనాయి.

జూన్ మొదట్లో ఇంటికి వచ్చింది. అమ్మకు చాక్లెట్లు, నాకు గొర్రెబొచ్చు టోపీ తెచ్చింది. మన ఎండకు ఆ టోపీ ఏం చేయాల్నో తెలీక దేవుని పటం పక్కన తగిలించినా. రెండో రోజు పొద్దున కొత్త నోటుబుక్కు పట్టుకుని అరుగు మీద కూర్చుంది.

"నాన్నా, మిరప క్వింటాలు పండించడానికి నీకు ఎంత పడింది?"

"యాడ పడింది, నష్టమే గదా."

"నష్టం అని కాదు. ఎంత?"

చెప్పలేకపోయినా. ఎకరాకు రెండు లక్షలు అని నోటి లెక్క చెప్పినా. ఒప్పుకోలేదు. మందుల అంగడి చీటీలు, ట్రాక్టరోడికి ఫోన్‌పే చేసినవి, కూలి మేస్త్రీ రాసిన పాత డైరీ, అన్నీ బయటికి తీయించింది. రెండు రోజులు పట్టింది. ఇదిగో ఆ లెక్క, రెండెకరాలకు:

నారు 28,000. దుక్కులు, గుంటక, ట్రాక్టరు 22,000. ఎరువులు 78,000. పురుగు మందులు 96,000. కలుపు కూలి 46,000. కోత కూలి 1,04,000. బస్తాలు, బాడుగ, హమాలీ, కమీషను 31,000. మొత్తం 4,05,000.

కాయ వచ్చింది 36 క్వింటాళ్ళు. అంటే క్వింటాలుకు 11,250 పడింది. నేను అమ్మింది 10,400కు. చేతి నుంచి పోయింది 30,600.

సరేలే, తెలిసిందే గదా అన్నా. అది పెన్ను కింద పెట్టలేదు. "నువ్వు, అమ్మ చేనులో ఎన్ని రోజులు పని చేసినారు?" అనింది. మా ఇంటామె నవ్వింది. ఇంట్లో వాళ్ళ పనికి కూలి ఎవరు లెక్కేస్తారు? అది వేసింది. నాకు 150 రోజులు, రోజుకు 500. అమ్మకు 150 రోజులు, రోజుకు 400. రెండూ కలిపి 1,35,000. ఇప్పుడు మొత్తం 5,40,000. క్వింటాలుకు పదిహేను వేలు.

"సొంత భూమికి కౌలు కూడా వేయాల నాన్నా" అనింది. "అమ్మా, ఆపు తల్లీ" అన్నా. నిజంగా చేతులు జోడించినా.

పదిహేను వేలు పడిన కాయను 10,400కు అమ్మి, "ఈసారి రేటు లేదు" అనుకుంటా ఇంటికొచ్చినోణ్ణి నేను. రేటు ఇరవై వేలు దాటిన ఏడాది ఎంత మిగిలిందో కూడా నాకు తెలీదు. మిగిలింది అనుకుని గేదెను కొన్నా. మందులకు 96,000 పోయిందని కూడా నాకు తెలీదు. ముప్పై, నలభై వేలు అయ్యుంటాది అనుకున్నా. అంగడాయన ఇచ్చింది కొట్టినా, పక్క చేనోడు కొడితే నేనూ కొట్టినా. మా ఇంటామె 150 రోజుల పని ఏ లెక్కలోనూ లేదు. మెడలో చెయిను కూడా ఆమెదే పోయింది.

ఆ రాత్రి పాప ఇంకో మాట చెప్పింది. హాలండులో రాబోబ్యాంక్ అని పెద్ద బ్యాంకు ఉంది. 1890లలో ఊరూరా రైతులు పెట్టుకున్న చిన్న చిన్న అప్పు సంఘాలే కలిసి కలిసి 1972లో అట్ల ఒకటైనాయి. దారి చూపించింది జర్మనీలో రైఫైసన్ అనే ఆయన. సరిగ్గా అదే కాలంలో మన మద్రాసు ప్రభుత్వం, అప్పుడు కర్నూలు జిల్లా మద్రాసు కిందనే ఉండేది, ఫ్రెడరిక్ నికల్సన్ అనే అధికారిని యూరప్ రైతు బ్యాంకులు ఎట్ల నడుస్తున్నాయో చూసి చెప్పమంది. ఆయన 1895లో, 1897లో రెండు భాగాలుగా రిపోర్టు ఇచ్చినాడు. 1904లో సహకార చట్టం వచ్చింది. మన సొసైటీలకు మూలం అదే. అంటే మన రైతు కోసం విదేశం పోయి చూసొచ్చే పని 130 ఏండ్ల కిందనే జరిగింది. ఒకే విత్తనం రెండు చోట్ల పడింది. అక్కడ సంఘం రైతులదై పెరిగింది. ఇక్కడ సొసైటీ అంటే మనకు యూరియా బస్తా కోసం పాస్‌బుక్కు పట్టుకుని వరసలో నిలబడే చోటు. తప్పు ఎవరిది అంటే నేను ఎవరినీ అనను. నేను సొసైటీ మీటింగుకు పోయి పదేండ్లు దాటింది.

ఇప్పుడు మీరు అడిగిన దానికి వస్తా. రెండు లక్షల నలభై ఐదు వేలకు ఏం వచ్చిందప్పా అని.

ఉద్యోగం రాలేదు. 14 రోజుల ట్రిప్పుకు ఉద్యోగం రాదు, అట్ల వస్తాది అని ఎవరైనా చెప్తే నమ్మొద్దు. డిగ్రీ కోసం పోయే చదువు వేరు, ఇట్ల చూసొచ్చేది వేరు. ఇది చూసొచ్చేది మాత్రమే. దీని కోసం భూమి అమ్మొద్దు, నూటికి మూడు రూపాయల వడ్డీకి తేవద్దు. నేను తెచ్చిన బంగారం అప్పే నాకు బరువు. పిల్లలు పోతే ఏం చూస్తారు, ఎవరిని కలుస్తారు అని ముందే కాగితం అడగండి. రైతు ఇల్లు, మార్కెట్టు, సంఘం ఆ కాగితంలో లేకపోతే అది ఉత్త షికారు. షికారుకు మన శ్రీశైలం చాలు.

మాకు వచ్చింది ఒక నోటుబుక్కు. అది మా ఇంటి గోడకు మేకుకు వేలాడుతాంది. ఈ ఖరీఫుకు మిరప ఒక ఎకరానికి తగ్గించినా, ఇంకో ఎకరా మొక్కజొన్న. ప్రతి మందు డబ్బా, ప్రతి కూలి, మా ఇంటామె ప్రతి రోజు అందులో పడుతాంది. ఆమే రాస్తాది, నాకన్నా చేతిరాత బాగుంటాది. మా వీధిలో ఇంకో ఐదు మంది రైతులు కూడా రాస్తామన్నారు. ముగ్గురు నిజంగా రాస్తున్నారు, ఇద్దరు నన్ను చూసి తప్పించుకుంటున్నారు. ఫిబ్రవరి నాటికి మా నలుగురి కాయను ఒక చోట చేర్చి, తాలు మేమే ఏరి, గ్రేడు చేసి, ఒకే లాటుగా అమ్మాలని అనుకుంటున్నాం. నలుగురం ఉంటే సాయంత్రం దాకా ఆగే ఓపిక ఉంటాది, ఒకడు అన్నం తినొచ్చేదాకా ఇంకొకడు బస్తాల కాడ ఉంటాడు. రేటు పెరుగుతాదని నేను చెప్పను. మాకు ఎంత పడిందో నోట్లో అంకె ఉంటాది, అంతే.

పాప తిరిగి హైదరాబాదుకు పోయే ముందర రోజు, చేను గట్టు మీద నడుస్తా అడిగినా. ఆ హాలండాయన అడిగిన మాటే. "నా తర్వాత నువ్వు చేస్తావా పాపా?"

కొంచెంసేపు కాలువ వైపు చూసింది. "లెక్క కుదిరితే చేస్తా నాన్నా. లెక్క లేకుండా మాత్రం చేయను" అనింది.

నేను దానికి సరే అనలేదు, వద్దనీ అనలేదు. ఇరవై ఏండ్లుగా వద్దు వద్దు అన్న నోరు ఒక్క రోజులో ఎట్ల తిరుగుతాది. కానీ ఆ రోజు మాత్రం ఎండలో నల్లగవుతావు ఇంటికి పో అనలేదు. చీకటి పడేదాకా నా ఎంబడే ఉంది. పైరు లేని చేనులో ఏ కయ్య ఎంత పారుతాది, యాడ చవుడు ఉంది, యాడ బాగా కాస్తాది అని చూపించినా. అది ఫోనులో రాసుకుంది.

అన్నలారా, తమ్ముళ్ళారా, ఒకటే అడుగుతున్నా. పోయినేడు మీ మిరప గానీ, శనగ గానీ, మొక్కజొన్న గానీ క్వింటాలుకు మీకు ఎంత పడింది? ఇంట్లో ఆడోళ్ళ కూలితో కలిపి. నోటి లెక్క కాదు, చీటీలు తీసి కూడి చెప్పండి. అంకె తక్కువొస్తే మాకూ నేర్పండి, ఎక్కువొస్తే సిగ్గుపడొద్దు, నాది ముందే చెప్పేసినా.

చెయిను ఇంకా బ్యాంకులోనే ఉంది. విడిపించిన రోజు మళ్ళీ రాస్తా.

జై కిసాన్.